ఊడ్వని ఇప్పచెట్టు

ఫోటోలు తీసేవాళ్లంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేబర్ క్యాంపులో పండగ పూట ఎవడైనా ఫోన్ ఎత్తి "కాకా, గిటు సూడు" అన్నాడంటే నేను తల తిప్పేస్తాను. ఖతర్‌కని బయల్దేరిన నాటి నుంచి కళ్లు తెరుచుకుని దిగిన ఫోటోలు రెండే రెండు. ఒకటి పాస్‌పోర్టుకి, ఇంకొకటి ఇక్కడి ఐడీ కార్డుకి. అవి దిగకపోతే అన్నం పుట్టదు కాబట్టి దిగాను. నా పెళ్లి ఫోటోలో కూడా నేను నేలచూపులే చూస్తుంటాను. నా భార్య దాన్ని సిగ్గు అనుకుని చాలాకాలం మురిసిపోయింది.

మొన్న ఏం జరిగిందో చెప్తాను. నాది తోటపని. దోహాలోని అల్ సద్‌లో ఒక విల్లాల కాంపౌండు, గేటు దగ్గర నుంచి చివరి ఇంటి దాకా రెండు వరసల బాదం చెట్లు. చలికాలం చివర్లో ఆ బాదం ఆకులు ఎర్రబడి రాలతాయి. ఈ ఎడారిలో ఆకు రంగు మారి రాలే ముచ్చట నేను చూసింది ఆ చెట్ల కిందే. పొద్దున్నే వాటిని ఊడ్చి సంచులకెత్తడం నా డ్యూటీలో మొదటి పని. కంపెనీ గాలికొట్టే మిషను ఇచ్చింది గానీ నా చేతికి చీపురే అలవాటు. ఆ పొద్దున చీపురు వేయబోతుంటే ఒక విల్లాలోంచి మేడం పరుగున వచ్చింది. మన తెలుగావిడే, కోస్తా వైపు మనిషి. భర్తకి వెస్ట్ బేలో ఆఫీసు.

"బాబాయ్ గారూ, ఒక్క నిమిషం! ఆ ఆకులు ఊడవకండి, ప్లీజ్. చూడండి, ఎంత బాగున్నాయో! సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఫోటోలు తీసుకుంటాను. ఒక్క రెండ్రోజులు అలా వదిలేయండి."

"సరే మేడం" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లగానే మొత్తం ఊడ్చేశాను. ఒక్క ఆకు మిగల్చలేదు. చెట్టు మీద ఊగుతున్నవాటిని కూడా కర్రతో కొట్టి దించి సంచిలో కుక్కాను. సాయంత్రం ఆవిడ మంచి చీర కట్టుకుని, ఫోన్ నిలబెట్టే స్టాండు పట్టుకుని వచ్చింది. బోసిగా ఉన్న నేలను చూసి "అయ్యో, ఆకులేవీ?" అంది.

"గాలి కొట్టింది మేడం."

"గాలెక్కడిది బాబాయ్ గారూ? ఆకు కూడా కదల్లేదు ఇవాళ."

"మీరు ఏసీల ఉన్నరు గద మేడం, మీకు తెల్వదు."

మర్నాడు సూపర్‌వైజర్ వచ్చాడు. మలయాళీ కుర్రాడు, నేనంటే కొంచెం గౌరవమే. "చాచా, మేడం కంప్లైంట్ కియా. క్యోం కియా ఐసా?" అన్నాడు. ఆకులు ఊడవడం నా డ్యూటీ అయితే ఊడ్చినందుకు కంప్లైంట్ ఏమిటని ఎదురడిగాను. అతను తల పట్టుకుని వెళ్లిపోయాడు.

పాపం ఆవిడ చేసిన తప్పేమీ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆకులు ఊడవొద్దు, ఫోటో తీసుకుంటాను అనే మాట నేను వినడం అది రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు నాకు పదేళ్లు. ఆ మాట విన్నందుకు మా ఇల్లు ఏమైందో నేను చచ్చేదాకా మర్చిపోను.

మా ఊరు గుట్టల నడుమ ఉండేది. మా ఇల్లు ఊరికి చివర, పెరటి కంచె దాటి పది అడుగులేస్తే గుట్ట ఎక్కుడు మొదలు. ఆకురాలు కాలం వచ్చిందంటే గుట్ట అంతా రంగు మారిపోయేది. టేకాకులు తుప్పు పట్టినట్టయ్యేవి, మోదుగు ఆకంతా రాల్చి పూలకు సిద్ధమయ్యేది, ఇప్పచెట్ల ఆకులు ముందు పసుపుగా, తర్వాత రాగి చెంబు తోమినట్టు మెరిసి రాలేవి. నడుస్తుంటే మోకాలి కింది దాకా గలగల చప్పుడు. పొద్దున్నే మంచుకు తడిసిన ఆకు వాసన, మధ్యాహ్నం ఎండకు అదే ఆకు కాగిన వాసన, సాయంత్రం ఎక్కడో కుప్ప కాలబెడితే పొగ వాసన. పిల్లలం ఆకుల కుప్పల్లో దొర్లి, గోకుడు పుట్టి, ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్లం.

ఇంట్లో బాపమ్మ, అమ్మ, నేను, చంకలో చెల్లి. మా బాపు బొంబాయిలో కూలికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. బాపమ్మ అంటే మా నాయన తల్లి. పొట్టి మనిషి, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినపడేది. పొయ్యి మీద మక్కజొన్న గట్క కలిపినా, మేకను అదిలించినా, నన్ను ముద్దు చేసినా అదే గొంతు. ఆమె చిన్న వయసులోనే ముండమోసింది. అత్తగారి నుంచి ఆమెకు దక్కింది ఒక్కటే, గుట్ట మీద ఒక ఇప్పచెట్టు.

ఇప్పచెట్టు అంటే ఇప్పటి పిల్లలకు సారా గుర్తొస్తుంది. మాకు అది సగం ఏడాది కూడు. ఎండలు ముదిరే ముందు తెల్లవారుజామున పువ్వు రాలేది. తెల్లగా, గుండ్రంగా, కొరికితే తేనెలాంటి తడి. ఎలుగుబంటి రాకముందే పోయి ఏరాలి. "లేవురా పిల్లగా, పువ్వు రాలుతున్నది, నువ్వు పంటే గుడ్డెలుగు తిని పోతది" అని బాపమ్మ నన్ను కాలితో కదిపి లేపేది. ఏరిన పువ్వు ఎండబెట్టి కుండలకెత్తేది. వానాకాలంలో జొన్నలు అయిపోయినప్పుడు ఆ ఎండుపువ్వు వేయించి, నువ్వులు కలిపి రోట్లో దంచి ముద్దలు చేసేది. ఆ ముద్ద తిని నీళ్లు తాగితే పొద్దూకే దాకా ఆకలి ఉండేది కాదు. నేను పచ్చిపువ్వే ఎక్కువ తిని తల తిరిగి పడిపోయిన రోజులు ఉన్నాయి. మా మేక కూడా ఒకసారి తిని గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఆ చెట్లకు పట్టాలు లేవు, కాగితాలు లేవు. మా ఊళ్లో పద్ధతి ఒకటే. కాముని పున్నమ, అంటే హోలీ పున్నమి, తెల్లారే సరికి చెట్టు కింద రాలిన ఆకు ఎవరు ఊడ్చి కాలబెట్టి, చుట్టూ రాళ్లు పేరుస్తారో, ఆ ఏడు పువ్వు వాళ్లది. ఏటా అందరూ ఎవరి చెట్టు కింద వాళ్లే ఊడ్చుకునేవాళ్లు, కాబట్టి పేచీ ఉండేది కాదు. ఊడ్వని చెట్టంటే వదిలేసిన చెట్టని లెక్క. మనిషి చచ్చిపోయినా, ఊరు విడిచిపోయినా వాళ్ల చెట్టు కింద ఆకు అలాగే పడి ఉండేది. అప్పుడు ఇంకెవరైనా చీపురు వేయొచ్చు.

మా దొడ్డిగోడ అవతల మీసాలాయన ఉండేవాడు. బాపమ్మకు వరసకు మరిది. బుగ్గల మీదికి వంగిన మీసాలకు రోజూ ఇప్పనూనె రాసేవాడు. అంతకుముందు ఏడు గాలివానకు ఆయన చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. అప్పట్నుంచీ ఆయన కన్ను మా చెట్టు మీదే.

"ఒక్కదానివి, కొడుకు బొంబాయిల ఉండె. నీకెందుకు వదినా అంత పువ్వు?" అనేవాడు గోడ మీది నుంచి.

"నీ మీసాలకు నూనె తక్కువైందా మర్దీ?" అనేది బాపమ్మ. మేము నవ్వేవాళ్లం. నవ్వినందుకు ఆయన నేను ఎప్పుడు దొరికినా నా చెవి మెలిపెట్టేవాడు.

ఆ ఏడు ఆకురాలు కాలంలో మీసాలాయన అల్లుడు వచ్చాడు. పుట్టింట్లో ఉన్న భార్యను తీసుకెళ్లడానికి వచ్చి పది రోజులు దిగబడ్డాడు. పట్నంలో ఫోటోల దుకాణం ఉండేది ఆయనకు. సన్నగా, పొడుగ్గా, మెడలో తోలుసంచి కెమెరా. ఊరి అల్లుడు కాబట్టి పిల్లలందరికీ బావే. "ఫోటోల బావ" అని వెంటపడేవాళ్లం. మా ఫోటో తీయమంటే తీసేవాడు కాదు. పొద్దస్తమానం గుట్ట మీద తిరిగి చెట్లను తీసేవాడు. చావడి దగ్గర ముసలాళ్లు పగలబడి నవ్వారు.

"మనుషులను తీస్తరు, దేవుళ్లను తీస్తరు గని ఎండిన ఆకును తీసుడేందిరా అల్లుడా? నీ పెండ్లాం సక్కగ లేదా?"

"క్యాలెండర్‌కు పంపిస్త తాతా. అడవి బొమ్మలు అడుగుతున్నరు" అనేవాడు ఆయన, కోపం రాకుండానే.

ఒకసారి కెమెరాను మాకు దగ్గరగా చూపించాడు. వెనక మూత మీద వేలు పెట్టి, "దీన్ని మాత్రం తెరవొద్దు. లోపల రీలు ఉంటది. వెలుతురు పడ్డదంటే బొమ్మలన్నీ ఖతం" అన్నాడు. మేమంతా భక్తిగా వెనక్కి జరిగాం.

కాముని పున్నమకు నాలుగు రోజులుందనగా, సాయంత్రం పూట బాపమ్మ, నేను చీపురు తీసుకుని చెట్టు దగ్గరికి పోయాం. చుట్టుపక్కల చెట్ల కింద అందరూ అప్పటికే ఊడ్చుకున్నారు. మాదే ఆలస్యం, చెల్లికి జ్వరమొచ్చి. ఫోటోల బావ అక్కడే నిలబడి ఉన్నాడు. ఎండ కొమ్మల కింది నుంచి వచ్చి రాలిన ఆకు మీద పడుతోంది. మా చెట్టు కింద రాగి పరిచినట్టుంది.

"అవ్వా, ఆగు, ఆగు! జర ఊడ్వకు" అన్నాడు.

"ఎందుకు బిడ్డా?"

"ఈ గుట్ట మీద అన్ని చెట్లల్ల నీ చెట్టే అందం అవ్వా. దీన్ని రంగుల్ల తియ్యాలె. నా దగ్గరున్నది తెలుపు నలుపు రీలు. పట్నం పోయి రంగుల రీలు తెస్త. పున్నం ముందు రోజు వచ్చేస్త. అందాక ఈ ఆకును గిట్లనే ఉంచు. నీ బొమ్మ గూడ తీస్త."

బాపమ్మ చీపురు చంకలో పెట్టుకుని చెట్టు వైపు చూసింది. ఆమెను గానీ, ఆమెకున్న దేన్ని గానీ అందమని ఎవరూ అనగా నేను అంతకుముందు వినలేదు. ఆమె మొహం మారిపోయింది. అతన్ని ఇంటికి తీసుకొచ్చి, కుండలో అడుగున మిగిలిన ఇప్పపువ్వు వేయించి పెట్టి, మజ్జిగ పోసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే గొణిగింది.

"పున్నం దగ్గరికొచ్చింది అత్తా. లేనిపోనిది ఎందుకు?"

"నువ్వు ఊకో. చెట్టు యాడికి పోతది? పున్నం లోపట ఊడిస్తే సాలు గద" అంది బాపమ్మ.

మాటంటే మాటే. మూడు రోజులు ఆమె ఆ చెట్టు కింద ఒక్క ఆకు కదపలేదు. మేకలు తొక్కకుండా నన్ను కాపలా పెట్టింది. నేను ఇంకో అడుగు ముందుకేసి, చెట్టెక్కి కొమ్మలు ఊపి మిగిలిన ఆకు కూడా రాల్చాను. ఫోటోలో మా చెట్టు కిందే ఎక్కువ ఆకు కనపడాలని నా ఆశ. ఊళ్లో పిల్లలందరి ముందూ గొప్పలు పోయాను. మీసాలాయన గోడ మీది నుంచి అదంతా చూస్తూ చుట్ట కాల్చుకునేవాడు. ఒక్క మాట అనలేదు. ఆయన మాట్లాడకపోతే అనుమానించాలని మాకు తట్టలేదు.

ఫోటోల బావ మాట తప్పలేదు. పున్నమ ముందు రోజు మధ్యాహ్నం బస్సుకు దిగాడు. సాయంత్రం ఎండ పడే దాకా కూర్చుని, తర్వాత పడుకుని, మోకాళ్ల మీద కూర్చుని, బండ మీదికెక్కి ఎన్నో ఫోటోలు తీశాడు. చివరికి బాపమ్మను చెట్టు కింద నిలబెట్టాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, చీపురు దించనని మొండికేసి, చీపురుతోనే దిగింది. "నవ్వు అవ్వా" అంటే ఇంకా బిగుసుకుపోయింది. ఫోటో తీశాక మాత్రం ఇంటికొచ్చే దాకా నవ్వుతూనే ఉంది.

అప్పటికే పొద్దు గూకింది. దీపాలు పెట్టే వేళ దాటాక చీపురు పడితే లక్ష్మి వెళ్లిపోతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. బాపమ్మ అసలు ఒప్పుకోదు. "తెల్లారంగనే పోయి ఊడుద్దాం" అంది.

తెల్లారంగానే పోయాం. చెట్టు కింద ఒక్క ఆకు లేదు. నున్నగా ఊడ్చిన నేల, మధ్యలో ఇంకా వేడిగా ఉన్న బూడిద, చుట్టూ కొత్తగా పేర్చిన రాళ్లు. ఒక రాయి మీద మీసాలాయన కూర్చుని చుట్ట పీలుస్తున్నాడు. ఆయనకు లక్ష్మి భయం లేదు.

"ఊడ్వని చెట్టు గద వదినా. ఇడిసిపెట్టినవనుకున్న" అన్నాడు.

బాపమ్మ అరిచిన అరుపుకు గుట్ట మీది కొంగలు లేచిపోయాయి. నా చేతిలో తట్ట కింద పడింది. మీసాలాయన లేచి, మీసం సవరించుకుని, మా పక్క నుంచే నడిచి వెళ్లాడు. పోతూ పోతూ నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. ఆ మొట్టికాయ నాకు ఇప్పటికీ నొప్పే.

ఆ పొద్దునే చావడిలో పంచాయితీ. నలుగురు పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. బాపమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అల్లుడే ఊడ్వద్దన్నాడు, రంగుల బొమ్మ తీస్తానన్నాడు, అందుకే ఆగాను అంది. అందరికంటే పెద్దాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పద్ధతి పద్ధతే అవ్వా. ఊడ్చింది ఆయన. కని అల్లుడు ఆపితే ఆగినవంటే అది ఇడిసిపెట్టుడు కాదు. అల్లుని నోట ఇంటం. ఇయ్యాల కాముని పున్నం, రేపు పొద్దుగాల రమ్మనుర్రి. అవునన్నడంటే చెట్టు నీదే."

మీసాలాయన మెట్లు దిగుతూ నాకు వినపడేట్టు నవ్వాడు. "నా బిడ్డనిచ్చిన అల్లుడు. నాకెదురు చెప్తడా?"

బాపమ్మకు మాత్రం దిగులు లేదు. "ఆ పిల్లగాడు మంచోడు. నా చేతి మజ్జిగ తాగిండు. అబద్ధమాడడు" అని అమ్మతో అంటూ గట్క కలిపింది. నేను ఆ గట్క ముట్టలేదు. మామ, అల్లుడు కలిసే ఈ నాటకం ఆడారని నాకు తేలిపోయింది. లేకపోతే సరిగ్గా పున్నమ ముందే రావడమేమిటి, మా చెట్టే అందమనడమేమిటి? ఆ ఫోటోల బావను వదలకూడదనుకున్నాను.

మధ్యాహ్నం పిల్లలంతా కాముణ్ణి కాల్చడానికి ఇంటింటికీ తిరిగి కట్టెలు, పిడకలు దొంగిలిస్తున్నారు. నేను వాళ్లతో బయల్దేరి మీసాలాయన వాకిట్లో ఆగిపోయాను. లోపల అన్నాలు తింటున్న చప్పుడు. అరుగు మీద కొయ్యకు తోలుసంచి వేలాడుతోంది. కుండ బోర్లించి ఎక్కి, సంచి దించి, కెమెరా తీసి, ఆయన తెరవొద్దన్న మూత తెరిచాను. లోపల గోధుమరంగు రీలు నిగనిగలాడుతోంది. కొస పట్టుకుని లాగాను. వస్తూనే ఉంది. చేప కడుపులోంచి పేగు లాగినట్టు మొత్తం లాగి ఎండలో పారేశాను. మందుబిళ్ల లాంటి వాసన వచ్చింది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? జీవితంలో అంత సంతోషం మళ్లీ రెండు మూడు సార్లే చూశాను.

తల ఎత్తేసరికి ఫోటోల బావ గడపలో నిలబడి ఉన్నాడు. చేతికి ఎంగిలి ఇంకా ఆరలేదు. కొడతాడని చెంపలకు చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఆయన కొట్టలేదు. మెట్టు మీద కూలబడి, రీలును ఎడమచేత్తో ఎత్తి, ఎండకు పెట్టి చూసి, మళ్లీ కింద పెట్టాడు.

"మీ బాపమ్మ బొమ్మ గూడ దీంట్లనే ఉండె పిల్లగా" అన్నాడు.

నేను చెంపల మీది చేతులు దించాను.

"రేపు చావడికాడ నిజం చెప్దామనుకున్న. నేనే ఊడ్వద్దన్న అని పొద్దుగాలనే మామకు చెప్పిన. గందుకే లోపట లొల్లి. నా పెండ్లాం గూడ నాతోని మాట్లాడ్తలేదు." రీలును ఉండగా చుట్టాడు. "మీ కోసం నేనెందుకు చెప్పాలె ఇప్పుడు? పో. నా కండ్ల ముందట నిలబడకు."

నేను పరుగెత్తాను. ఇంటికి కాదు, గడ్డివాములోకి. అందులో దూరి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాను. పోయి ఆయన కాళ్లు పట్టుకోవచ్చు. బాపమ్మకు చెప్తే ఆమె పోయి బతిమాలేది. రెండూ నాకు తోచాయి. రెండూ చేయలేదు. సాయంత్రం బస్సు హారను వినపడేదాకా అలాగే ఉన్నాను. ఆ బస్సుకు ఆయన భార్యను తీసుకుని పట్నం వెళ్లిపోయాడు.

మర్నాడు బాపమ్మ ఉతికిన చీర కట్టుకుని చావడికి వచ్చింది. పిల్లల మొహాల నిండా రంగులు. పెద్దలు కూర్చున్నారు. మీసాలాయన ఒక్కడే వచ్చి, అల్లుడికి దుకాణం పని తగిలి వెళ్లిపోయాడన్నాడు. నా సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం చూస్తే ఆయనకు తెలియదని అర్థమైంది. తెలిస్తే ఊరంతా చాటింపు వేసేవాడు. అంటే ఫోటోల బావ నా పేరు ఎవరికీ చెప్పలేదన్నమాట. పొద్దున బస్సు వచ్చేదాకా ఆగుదామని బాపమ్మ బతిమాలింది. ఆగారు. బస్సు వచ్చింది, నలుగురు దిగారు, ఆయన లేడు. చెట్టు మీసాలాయనకు పోయింది.

బాపమ్మ ఏడవలేదు. బస్సు పోయిన దారి మధ్యలో నిలబడి, వంగి, రెండు చేతులా దుమ్మెత్తి పోసింది.

"నా చేతి మజ్జిగ తాగి నన్ను మన్నుల కలిపినవు కదరా! నీ కండ్లు పోను! నీ చేతులు పడిపోను! నీ దుకాణంల దీపం పెట్టేటోడు లేకుండ పోను!"

నేను కూడా వంగి దుమ్మెత్తాను. ఆమె కంటే గట్టిగా అరిచాను. అరుస్తుంటే అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "నా బంగారు తండ్రి, ముసల్దాని బాధ నీకు తెలుసు" అని కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడు తెల్లవారుజామున గుట్ట మీది నుంచి ఇప్పపువ్వు వాసన వస్తుంటే బాపమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. వానాకాలంలో కుండలు ఖాళీ. అమ్మ పరాయి చేలలో నాట్లకు పోయి, చెల్లిని గట్టు మీద పడుకోబెట్టేది. నేను చేయగలిగిన పగ అంతా మీసాలాయన మీద చేశాను. ఆయన పువ్వు తట్టల్లో గండుచీమలు పోశాను. చెట్టు కింద తుమ్మముళ్లు పరిచాను. చుట్టలో మిరపపొడి దట్టించాను. ఆయన దగ్గి దగ్గి మీసాలు తడుపుకుంటుంటే గోడ ఇవతల బాపమ్మ, నేను నోళ్లు మూసుకుని నవ్వాం. ఆయన చనిపోయిన కబురు నాకు ఇక్కడ దోహాలోనే తెలిసింది. ఆ శుక్రవారం అల్ దోహా అల్ జదీదా బజారుకు పోయి ఒక్కణ్ణే కూర్చుని బిర్యానీ తిన్నాను. ఆయన మీద నాకున్న పగలో ఒక్క మరక లేదు. దాన్ని నేను హాయిగా మోస్తాను.

ఆ రెండోవాడితోనే నాకు చిక్కు. మేడం లాంటి వాళ్ల మీద, కెమెరా పట్టిన ప్రతి వాడి మీద ఇన్నేళ్లూ కక్ష తీర్చుకుంటున్నది ఆయనను తలుచుకునే. సాక్ష్యం చెప్పకుండా పోయినందుకు తిట్టుకుంటాను. నన్ను పట్టించనందుకు ఇంకా ఎక్కువ తిట్టుకుంటాను. పట్టించి ఉంటే రెండు రోజులు తన్నులు తిని, ఏడ్చి, కడుక్కుని బయటపడేవాణ్ణి. మా బాపమ్మ శాపాలు సరైన చోట పడేవి. ఆయన నోరు మూసుకుని పోయి, నా తప్పు నా దగ్గరే వదిలేశాడు. దాన్ని క్షమించడం నా వల్ల కాలేదు.

నాకు పదహారేళ్లప్పుడు బాపమ్మ మంచం పట్టింది. నేను బొంబాయికి బయల్దేరుతున్నాను. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి మంచం పట్టె మీద కూర్చోబెట్టుకుంది. ఆ గొంతు పోయింది, వంగి వినాల్సి వచ్చింది.

"పట్నం మీదికెళ్లే పోతవు గద. వాని దుకాణం కాడ దిగు."

"దిగి ఏం జెయ్యాలె బాపమ్మా?"

"తిట్టు. కొట్టు. నీ ఇష్టం. కని నా బొమ్మ వాని దగ్గర ఉండొద్దు. అడిగి పట్కరా." కాసేపు ఊపిరి తీసుకుంది. "బొంబాయికి రేపు పోదువు. ముందుగాల అది తెచ్చి నాకు సూపెట్టు. చెట్టు కింద ఎట్లున్ననో ఒక్కసారి సూస్త."

"తెస్త" అన్నాను.

బస్సెక్కి పట్నం వెళ్లాను. దుకాణం తెరిచే ఉంది. గుమ్మం ఎదురుగా, రోడ్డుకు ఇవతల హోటల్లో రెండు చాయ్‌లు తాగాను. లోపల ఆయన ఎవరో పెళ్లికొడుకు గడ్డం పైకెత్తి సరిచేస్తున్నాడు. నేను రోడ్డు దాటలేదు. మాపటి బస్సుకు ఇంటికొచ్చాను.

"ఏమన్నడు వాడు?" అంది బాపమ్మ, కళ్లు తెరవకుండానే.

"బొమ్మ ఇయ్యనన్నడు."

ఆమె వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. నా చేయి నొక్కి నా వైపు చూసింది. ఆమె తిట్టలేకపోతున్నదని అర్థమై, ఆమె తరఫున నేనే తిట్టాను. ఆమె నిద్రపోయే దాకా తిడుతూనే ఉన్నాను.